కత్తి లేని ఆదివారం

“మేకు ఉంది. కత్తి లేదు. మేకు మింగేసిందా కత్తిని?”

అల్బీన్ ముసలాయన ఆ మాట అనడం ఇది మూడోసారి. ముందు గది గోడకి రెండు మేకులున్నాయి. ఒక మేకుకి వేలాడే కత్తి అప్పటికే ఆయన నడుముకి ఎక్కింది. రెండో మేకు కొడుకు రోమన్‌ది. దాని కింద, ఏళ్ల తరబడి కత్తి కప్పి ఉంచిన చోట, గోడ చెక్క రంగు మారకుండా పొడుగ్గా, సన్నగా కనిపిస్తోంది.

“నన్నెందుకు అలా చూస్తున్నారు మామయ్యా?” అంది ఒటీలియా.

“ఈ ఇంట్లో ఓటు పిచ్చి పట్టినవాళ్లు ఇంకెవరున్నారని చూడను? నిన్న రొట్టెల కొట్లో అందరూ అదే అనుకుంటున్నారు. ఈసారి మీ ఆడాళ్ల సంఘం తాడు బయట గొడుగులు పట్టుకుని నిలబడదట. మొగుళ్ల కత్తులు కట్టుకుని లోపలికే దూరుతుందట!”

“రొట్టెల కొట్లో రొట్టెలు తప్ప అన్నీ వండుతారు.”

“నవ్వులాటగా ఉందా నీకు? చర్చి గంట కొట్టేశారు. ఇంకాసేపట్లో ఊరేగింపు బయల్దేరుతుంది!”

నవ్వులాట కాదని ఒటీలియాకి తెలుసు. ఏప్రిల్ ఆఖరి ఆదివారం మా లోయ పెద్దసభ, ఓటున్నవాళ్లంతా ఊరి చౌకులో చేరి చెయ్యెత్తి తీర్పు చెప్పే రోజు. చౌకులో తాడు దగ్గర నిలబడ్డ కాపలావాడు మనిషి మొహం చూడడు, నడుం చూస్తాడు. నడుముకి కత్తి ఉంటే ఓటున్న మగవాడు, లోపలికి రావచ్చు. లేకపోతే వాడు మేయరు కొడుకైనా సరే, తాడు బయట ఆడవాళ్ల పక్కన నిలబడాల్సిందే. మా వాళ్లకి ఇందులో తప్పేమీ కనబడదు. తాతలనాటి పద్ధతి అంటారు. తాతలనాటి పంటినొప్పిని మాత్రం ఎవరూ దాచుకోరు.

“మామయ్యా, కాస్త ఆలోచించండి,” అంది ఒటీలియా. గొంతు పెంచకూడదనుకుంటూనే పెంచింది. “ఆయన కత్తి పోతే నష్టం ఎవరికి? ఇవాళ సభలో మా ఓటు సంగతి తేలుతుంది. నా వైపు ఎత్తుతానని మాటిచ్చిన చెయ్యి అది. దాన్ని నేనే నరుక్కుంటానా? ఆ చెయ్యి ఎత్తితే కంటగింపు ఎవరికో వాళ్లని అడగండి.”

ముసలాయన మెడ ఎర్రబడింది.

“అంటే? నా కొడుకు కత్తి నేను దాచానంటావా?”

“నేనలా అన్లేదు.”

“అన్నావు. నేను చెయ్యెత్తి వద్దంటాను. నలుగురి ముందూ అంటాను, ఇంతకు ముందూ అన్నాను. దాచాల్సిన ఖర్మ నాకేం పట్టలేదు!”

అది నిజమే. అల్బీన్ ఏం చేసినా చాటుగా చెయ్యడు. ఆ సంగతి ఒటీలియాకీ తెలుసు.

ఇంతసేపూ రోమన్ పొయ్యి పక్కన అద్దం ముందు నిలబడి టై కట్టుకుంటున్నాడు. కట్టినదాన్ని విప్పి మళ్లీ కడుతున్నాడు.

“నువ్వేం మాట్లాడవేం?” అంది ఒటీలియా, అద్దంలో అతని కళ్లని వెతుక్కుంటూ. “పోనీ పక్కింటికి వెళ్లి అడగనా? వాళ్ల చిన్నబ్బాయి జ్వరంతో పడుకున్నాడు. వాడి కత్తి ఖాళీగానే ఉంటుంది.”

“ఎరువుల సొమ్ము బరువుల చేటు!” అని అరిచాడు అల్బీన్. “ఎరువు కత్తితో సభకి వెళ్లినవాడు ఈ ఇంట్లో పుట్టలేదు.”

“నాన్న అన్నది నిజమేలే,” అన్నాడు రోమన్ నెమ్మదిగా. “లేకపోతే లేదు. ఈ ఏడాదికి నేను ఇంట్లోనే ఉంటాను. ఎర్రావు కూడా ఇవాళో రేపో ఈనేలా ఉంది.”

ఎంత తేలిగ్గా అన్నాడు! మూడేళ్లుగా ఒటీలియా ఈ లోయలో ఎక్కని మెట్టు లేదు, తట్టని తలుపు లేదు. కొందరు తలుపు వేసేశారు. కొందరు లోపల కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి, తేనెరొట్టె పెట్టి, ఆ తర్వాత వద్దన్నారు. అవన్నీ మింగి ఇంటికొచ్చిన ఒక చలికాలం సాయంత్రం, ఇదే పొయ్యి దగ్గర రోమన్ ఆమె చలిచేతులు పట్టుకుని “ఈసారి నేను ఎత్తుతాను” అన్నాడు. ఆ ఒక్క మాటని పట్టుకుని ఆమె ఇంత దూరం వచ్చింది. ఇప్పుడా మాట మీద ఎర్రావు ఈనుతోంది.

వంటింట్లోంచి అత్తగారు బాబెట్ తొంగి చూసింది. ఉదయం నుంచి ఆవిడ గొంతు వినపడనే లేదు. కోడలిని దెప్పడానికి ఇంత మంచి అవకాశం వస్తే ఆవిడ వదులుకోవడం వింతే.

“ఒటీలియా, గుడ్లు తేవాలి. రా.”

“ఇప్పుడా అత్తయ్యా?”

“దుంపల సలాడ్‌లోకి గుడ్లు మీ సంఘం పెడుతుందా? రమ్మంటుంటే.”

*

కొట్టంలో గడ్డి వాసన, ఆవుల ఊపిరి వేడి. బాబెట్ పైఅటకకి వేసిన నిచ్చెన చూపించింది.

“ఎక్కు. చివరి మూల. నల్లకోడి కూర్చునే చోట చెయ్యి పెట్టు.”

నల్లకోడి ఊరుకోలేదు. మణికట్టు మీద రెండు పోట్లు పొడిచింది. దాని పొట్టకింద వెచ్చటి గుడ్లు, గుడ్ల కింద గడ్డి. గడ్డిలో ఒటీలియా వేళ్లకి చల్లటి ఇనుము తగిలింది.

కత్తి పిడి.

ఆమె దాన్ని లాగి ఒళ్లో పెట్టుకుని గడ్డిలోనే కూర్చుండిపోయింది.

“పొద్దున గుడ్లకి వచ్చినప్పుడే నాకు తగిలింది,” అంది బాబెట్ కిందనుంచి.

“అక్కడ మామయ్య నన్ను దొంగని చేస్తుంటే నోరు విప్పలేదేం మరి?”

“విప్పి ఏమనమంటావు? మీ మామయ్య మోకాలు రెండో మెట్టు కూడా ఎక్కదు. నేను దాచలేదు. నువ్వు దాచలేదు. ఇంక ఆ నిచ్చెన ఎక్కగల కాళ్లు ఈ ఇంట్లో ఎవరివో నువ్వే చెప్పు.”

ఒటీలియా కత్తి మీది గడ్డిపరకలు దులిపింది. మామగారు కాదు, ఊరు కాదు, ఏళ్ల తరబడి తలుపులు మూసినవాళ్లు కాదు. పక్కలో పడుకునేవాడు. ముందు ఏడుపొచ్చింది. ఆ వెనకే కోపమొచ్చి ఏడుపుని ఆపేసింది.

“దిగు. పిడికి రెట్ట అంటుకుంది, తుడుస్తాను,” అంది బాబెట్.

కత్తి అందుకుని ఆవిడ తన ఏప్రన్ చివరతో తుడవడం మొదలుపెట్టింది. ఆ చేతులకి ఆ పని బాగా అలవాటు.

“ఇది వీళ్ల వంశం కత్తి కాదు. తెలుసా నీకు?”

“తెలీదు.”

“మా నాన్నది. మేమంతా ఆడపిల్లలం. ఆయన పోయాక ఎవరికివ్వాలో తెలీక మా అమ్మ నా పెళ్లిపెట్టెలో దుప్పట్ల మధ్య పెట్టింది. కడుపున పుట్టే మగపిల్లాడికి పనికొస్తుందని. అప్పట్నుంచీ ప్రతి వసంతంలో బూడిద పెట్టి తోమేది నేను. కట్టుకునేది వాడు.”

“మీరెప్పుడైనా నడుముకి పెట్టి చూసుకున్నారా అత్తయ్యా?”

బాబెట్ తుడవడం ఆపింది.

“పిచ్చి ప్రశ్నలు వెయ్యకు,” అంది. మళ్లీ తుడుస్తూ, “అవునూ, ఇవాళ కూడా వద్దంటే ఏం చేస్తారు మీరు?” అని అడిగింది.

“లోసాన్ వెళ్తాం. దేశపు పెద్ద కోర్టుకి. దేశం మొత్తానికి ఓటేసే ఆడది తన ఊరి బాట సంగతికి చెయ్యెత్తకూడదంటే ఇదెక్కడి న్యాయమో వాళ్లనే చెప్పమంటాం.”

“మన అంట్లు మన పెరట్లో తోముకోవాలి గానీ! లోసాన్‌లో మన మాటైనా అర్థమవుతుందా? అక్కడంతా ఫ్రెంచి మాట్లాడేవాళ్లు.”

“మన మాట అర్థమయ్యేవాళ్లు ఇన్నేళ్లూ విన్నారా అత్తయ్యా?”

బాబెట్ కత్తి కోడలి చేతిలో పెట్టి, గుడ్లు ఏప్రన్‌లో వేసుకుని వెళ్లిపోయింది.

*

రోమన్ అప్పుడే వచ్చి ఎర్రావు పక్కన నిలబడ్డాడు. నల్ల సూటు వేసుకుని కొట్టంలో నిలబడ్డ మనిషిని చూసి ఆవు కూడా తల తిప్పుకుంది.

“నల్లకోడి ఈసారి గుడ్డు కాస్త పొడుగ్గా పెట్టింది,” అంది ఒటీలియా.

అతను కత్తిని చూశాడు. ఎవరో చొక్కా పట్టుకుని లాగినట్టు గోడకి ఆనుకున్నాడు.

“ఒటీలియా...”

“చెప్పు. వింటాను. వినడం నాకు అలవాటే.”

రోమన్ ఆవు ముందుకి గడ్డి తోశాడు.

“నిన్న పాలకేంద్రం దగ్గర యాకోబ్ నెఫ్ కలిశాడు,” అన్నాడు చివరికి. “వేసవికి మన ఆవులు ఎక్కేది ఆయన కొండే కదా. నా భుజం మీద చెయ్యేశాడు. బెదిరించలేదు. ‘రేపు సభలో నీ పక్కనే నిలబడతాను రోమన్’ అన్నాడు. అంతే.”

“అంతేనా?”

“అంతే చాలు! ఆ కొండ లేకపోతే ఈ మందని ఎక్కడ మేపను? చీటీ మీద రాసి పెట్టెలో వెయ్యమను, పదిసార్లు రాస్తాను. ఇది చీటీ కాదు, చెయ్యి. పట్టపగలు ఎత్తాలి. పక్కన నెఫ్, వెనక మా నాన్న, చుట్టూ రోజూ పలకరించేవాళ్లు.”

“నేను ఇల్లిల్లూ తిరిగింది అర్ధరాత్రి కాదు రోమన్. పట్టపగలే. వాళ్లు నన్నూ రోజూ పలకరించేవాళ్లే.”

“నీకు ధైర్యం ఉంది.”

“లేదు. ప్రతి ఇంటి ముందూ కాళ్లు వణికేవి. సాయంత్రం ఇంటికొచ్చి నీకు చెప్పుకుంటే తగ్గేది.” ఆమె కత్తిని చేతులు మార్చుకుంది. “కొండ సంగతి నాకు చెప్పుంటే అర్థం చేసుకునేదాన్ని. నావల్ల కాదు అని ఉంటే తిట్టేదాన్ని, ఏడ్చేదాన్ని, రెండ్రోజులు మాట్లాడేదాన్ని కాదు. అయిపోయేది. నువ్వు దొంగతనం చేసి దాన్ని నా నెత్తిన పెట్టావు.”

“నేను పెట్టలేదు. నాన్నే అన్నాడు.”

“ఆయన అంటుంటే నువ్వు టై కట్టుకున్నావు.”

దూరంగా బాకాల మోత మొదలైంది. ఊరేగింపు చర్చి నుంచి కదులుతోంది.

మామగారిని పిలిచి ఈ కత్తి ఎక్కడ దొరికిందో ఒక్క మాట చెబితే ఆమె మీద పడ్డ నింద పోతుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. వచ్చినదాన్ని ఆమె వెనక్కి నెట్టింది. ఎందుకు నెట్టిందో నన్నడిగితే, ఇంకా ఆశ చావలేదు కాబట్టి అంటాను. ఆశ ఉన్న ఆడది చేసే తెలివితక్కువ పనులకి మా లోయలోనే కాదు, ఎక్కడా లోటు లేదు.

“కట్టుకో,” అంది.

“ఒటీలియా, నేను...”

“ఎత్తుతావో ఎత్తవో నేను అడగను. కానీ దాక్కోవద్దు. వెళ్లి నిలబడు.”

అతను కట్టుకున్నాడు. బకిల్ మాత్రం ఆమే పెట్టింది.

ముందు గదిలో కత్తిని చూసి అల్బీన్ నోరు తెరవబోయాడు. ఆయన కంటే ముందు బాబెట్ మాట్లాడింది.

“తోముదామని నేనే తీసి గుడ్ల బుట్ట దగ్గర పెట్టి మర్చిపోయాను. ఇంక పదండి.”

“ముసలితనం!” అన్నాడు అల్బీన్. కోడలికి మాత్రం ఏమీ చెప్పలేదు. కర్ర తీసుకుని బయటికి నడిచాడు.

బాబెట్ పొయ్యి మీద సాసేజ్‌లు ఉడుకుతున్న గిన్నె దించేసింది. ఏప్రన్ విప్పింది.

“మీరెక్కడికి అత్తయ్యా?”

ఏటా ఈ ఆదివారం ఆవిడ ఇల్లు కదలదు. మగాళ్లు తిరిగొచ్చేసరికి బల్ల మీద భోజనం సిద్ధంగా ఉండాలి.

“చూడ్డానికి,” అంది బాబెట్.

*

చౌకు నిండిపోయింది. తాడుకి అవతల నల్ల సూట్లు, నడుములకి కత్తులు, భుజానికి భుజం. తాడుకి ఇవతల ఆడవాళ్లు, పిల్లలు, ఫోటోలు తీసుకునే పైఊరి వాళ్లు. బాబెట్ పండగ బట్టలు కట్టుకుంది. నల్ల సిల్కు గౌను, తలమీద రెక్కల్లా విచ్చుకున్న లేసు టోపీ. ఆవిడని అక్కడ చూసి తెలిసినవాళ్లు ఒకరినొకరు మోచేత్తో పొడుచుకున్నారు.

ఒటీలియా ఎక్కువ వెతక్కుండానే రోమన్‌ని కళ్లతో పట్టుకుంది. అతని పక్కన నెఫ్ నిలబడ్డాడు, మాటిచ్చినట్టే. ఇద్దరి వెనకా అల్బీన్ టోపీ.

ప్రమాణాలయ్యాయి. ఎన్నికలయ్యాయి. తర్వాత ఒకాయన లేచి, ఆడవాళ్లు ఇంటి దీపాలని, దీపాన్ని చౌకులో పెడితే గాలికి ఆరిపోతుందని చెప్పాడు. మగాళ్లు చప్పట్లు కొట్టారు. ఒటీలియా పక్కనున్న సంఘం ఆడవాళ్లలో ఒకామె “ఇంట్లో కరెంటు లేదేమో ఈయనకి” అంది. ఎవరూ నవ్వలేకపోయారు.

వేదిక మీది పెద్దాయన గొంతు సవరించుకున్నాడు.

“ఆడవారికి ఈ సభలో ఓటు ఇవ్వాలన్నవారు చెయ్యి ఎత్తండి.”

చేతులు లేచాయి. ఇక్కడో గుంపు, అక్కడో గుంపు. ఒటీలియా అనుకున్నదానికంటే ఎక్కువే లేచాయి. ఆమె కళ్లు మాత్రం ఒక్క చోటు దాటలేదు.

రోమన్ రెండు చేతులూ కత్తిపిడి మీద ఉన్నాయి.

‘ఎత్తు,’ అనుకుంది. ‘దేవుడా, ఎత్తనీ.’

అప్పుడు పక్కన సిల్కు రాసుకున్న చప్పుడైంది. తిరిగి చూస్తే బాబెట్ కుడిచెయ్యి గాల్లో ఉంది. ఎంబ్రాయిడరీ సూదులు గుచ్చుకుని గుచ్చుకుని గట్టిపడ్డ వేళ్లు, మణికట్టు మీద పాత వాత. చిన్నపిల్లలు బడిలో ఎత్తినట్టు చెయ్యంతా చాచి ఎత్తింది.

“దించు బాబెట్!” అంది వెనకనుంచి ఎవరో ముసలమ్మ. “పరువు పోతుంది, దించు! తాడు బయట చెయ్యి లెక్కకి రాదు!”

“లెక్కపెట్టమని ఎవరడిగారు? వాడు చూడాలని ఎత్తాను,” అంది బాబెట్.

వాడు చూశాడు.

అంత జనంలోనూ రెక్కల టోపీ పక్కన లేచిన తల్లి చెయ్యి రోమన్‌కి కనబడింది. అతని మొహం తెల్లబోయింది. కుడిచెయ్యి కత్తిపిడి వదిలింది. ఆ చెయ్యి పైకొచ్చింది. నడుం దాటింది. గుండెదాకా వచ్చింది.

టై సర్దుకుంది.

నెఫ్ అటు తిరిగి కూడా చూడలేదు. చూడాల్సిన అవసరం లేకపోయింది.

“వద్దన్నవారు?”

చౌకంతా లేచింది. అల్బీన్ చెయ్యి అందరికంటే ముందు, నిటారుగా. రోమన్ చెయ్యి ఇప్పుడూ లేవలేదు. మామగారి చేతిని చూసి ఒటీలియాకి ఒళ్లు మండింది. ఆ మంటకి ఆమె అలవాటు పడింది. మొగుడి చేతిని చూసి కలిగింది వేరు. దానికి ఆమె దగ్గర మందు లేదు.

“వీగిపోయింది,” అన్నాడు పెద్దాయన. పెద్దగా లెక్కపెట్టాల్సిన పని లేకపోయింది.

బాబెట్ అప్పుడు చెయ్యి దించింది.

*

సభ ముగిసి తాడు వదులయ్యాక మగాళ్లు బయటికి రాసాగారు. రోమన్ నెఫ్‌తో రెండు అడుగులు వేసి, వీళ్లని చూసి దారి మళ్లాడు. ఒటీలియా మొహం చూడలేక తల్లి ముందు నిలబడ్డాడు.

“అమ్మా...”

“విప్పు.”

“ఏంటి?”

“మా నాన్న కత్తి. విప్పి నాకివ్వు.”

“ఇక్కడా? అందరూ చూస్తున్నారమ్మా!”

“చూడనీ. మీ నాన్న వద్దన్నాడు, చెయ్యెత్తి అన్నాడు. అది ఆయన బుద్ధి. నీకు రెండు వైపులా చెయ్యి లేకపోయింది. చెయ్యి లేనివాడికి కత్తి ఎందుకురా?”

నెఫ్ నవ్వబోయి మానేశాడు. చుట్టూ మాటలు తగ్గాయి. రోమన్ ఒటీలియా వైపు చూశాడు, ఆమె అడ్డుపడుతుందేమోనని. ఉదయం కొట్టంలో ఆ బకిల్ పెట్టింది ఆమే. ఇప్పుడు ఆమె చేతులు కదల్లేదు.

అతను విప్పాడు.

బాబెట్ కత్తిని అందుకుంది. బజారు నుంచి రొట్టె తెచ్చుకున్నట్టు చంకలో పెట్టుకోబోయింది. ఏమనుకుందో, ఆగింది. బెల్టు విదిలించి తన నల్ల సిల్కు నడుం చుట్టూ తిప్పింది. అన్నేళ్లుగా తోమిన కత్తి నడుముకి ఎంత బరువుంటుందో ఆవిడకి అప్పుడే తెలిసినట్టుంది, ఒక్క క్షణం ఒరిగి నిలదొక్కుకుంది.

జనాన్ని తోసుకుంటూ అల్బీన్ వస్తున్నాడు. కర్ర రాళ్ల మీద టకటకలాడుతోంది. “బాబెట్!” అని అరుస్తున్నాడు. “ఇంటికి నడు! ముందు ఇంటికి నడు చెప్తాను!”

బాబెట్ అటు తిరగలేదు. చిల్లు దొరకని బకిల్‌తో కుస్తీ పడుతూనే కోడలి వైపు జరిగింది.

“ఒటీలియా,” అంది, “లోసాన్ కోర్టుకి కోడళ్లే వెళ్లాలా, అత్తలు కూడా రావచ్చా?”